మెర్విన్ బావకి నచ్చని ఇరుసులు

మా బావ మెర్విన్ ట్రెగెంజాకి మా అక్కను పెళ్ళి చేసుకుందామని నిర్ణయించుకోవడానికి పావుగంట పట్టింది. కారుకి వెనక ఇరుసు ఎంచుకోవడానికి మాత్రం పదకొండేళ్ళు చాలలేదు.

కారంటే మామూలు కారు కాదు, హాట్ రాడ్. పంతొమ్మిది వందల ముప్పై రెండు నాటి బండి. పైన టాపు లేదు, ఒంట్లో బరువు లేదు, ముందు మాత్రం లారీని ఈడ్చుకుపోయే ఇంజిను. మా కాసల్‌మెయిన్ ఊళ్ళో వీధికి నాలుగుంటాయి ఇలాంటివి. అవన్నీ రోడ్డు మీద తిరుగుతాయి. మా బావది షెడ్డులో స్టాండ్ల మీద కూర్చుని ఉంటుంది.

"ఏదో ఒక ఇరుసు బిగించి పారెయ్యి బావా!" అనేవాణ్ణి.

"నీకేం తెలుసురా రెక్సూ! బండి ఈక, ఇంజిను ఏనుగు. బరువైన ఇరుసు వేస్తే గతుకుల్లో కుప్పిగంతులు వేస్తుంది. తేలికది వేస్తే యాక్సిలరేటర్ తొక్కగానే పుటుక్కుమంటుంది. చక్రం దేనికది విడిగా ఆడే రకం చూడ్డానికి ముచ్చటే గానీ, సర్దేసరికి నాకు పిచ్చెక్కుతుంది."

"మరి ఏది వేస్తావు?"

"అదేగా ఆలోచిస్తున్నా!"

ఆ ఆలోచనకి వేళాపాళా లేదు. మా చిన్నాన్న కూతురి పెళ్ళిలో అందరూ పెళ్ళికూతుర్ని చూస్తుంటే, ఈయన సూటుతో సహా పెళ్ళికారు కింద దూరాడు. చర్చిలో పాటల కాగితం వెనక ఇరుసు బొమ్మ గీస్తుంటే పాస్టరుగారు వచ్చి తొంగిచూశారు. తిడతారనుకున్నాను. పెన్ను లాక్కుని ఒక కొలత సరిదిద్ది వెళ్ళిపోయారు.

ఇంత జాగ్రత్తకీ కారణముంది. బండితో వచ్చిన పాత ఇరుసుని మొదటిసారి విప్పి కూర్చినప్పుడు లోపలి పెద్ద పళ్ళచక్రాన్ని కుడికి బదులు ఎడమకి పెట్టాడు. ఆ కాలపు ఇరుసుల్లో అది ఎటు పెట్టినా బుద్ధిగా కూర్చుంటుంది. ఫస్టు గేరు వేసి ఠీవిగా ముందుకు చూశాడు. బండి వెనక్కి దూకి బట్టల తీగనీ చిక్కుడు పాదునీ ఈడ్చుకుపోయింది.

"మూడు గేర్లు వెనక్కి, ఒకటే ముందుకా! అచ్చం మీలాగే ఉందండీ మీ బండి!" అంది మా గ్లెనిస్ అక్క.

తర్వాత వరసగా ఐదు ఇరుసులొచ్చాయి. ప్రతిదీ బిగించేవాడు, తిప్పేవాడు, చెవి ఆనించి వినేవాడు, "మోతొస్తోంది" అని విప్పేసేవాడు. నెల తిరక్కుండా అది షెడ్డులోంచి మాయమయ్యేది.

మొన్న ఈస్టరు ముందు ఆరోది కుదిరింది. "ఇదేరా! సన్నాయిలా తిరుగుతోంది!" అని నన్ను వాటేసుకున్నాడు. నా చొక్కా అంతా గ్రీజు.

ఆ వారమే మా ఊరి థోరా పాస్కోగారి కారు, రోడ్డెక్కే ముందు చేసే తనిఖీలో తప్పింది. భర్త లిండ్సే సగంలో వదిలి కన్నుమూసిన కారది. మిగతా సగం ఆవిడే రెండేళ్ళు తంటాలుపడి పూర్తి చేసింది, ఈస్టరు కార్ల ఊరేగింపులో నడపాలని. ఇంజనీరు కిందకి చూసి, "ఈ ఇరుసు మీ ఇంజినుకి ఆగదమ్మా. గురువారంలోగా మార్చండి, లేకపోతే వచ్చే ఏడే" అన్నాడు. ఆవిడకి డెబ్బై ఎనిమిది. వచ్చే ఏడు అనగానే ముఖం వాడిపోయింది.

మర్నాడు బావ ఆ ఆరో ఇరుసుని నాచేత మోయించి ఆవిడ గుమ్మంలో దించాడు.

"థోరా అక్కయ్యా, దీని మోత భరించలేక చస్తున్నా. మీకేమైనా పనికొస్తుందేమో చూడండి."

"మోతేంటి బావా, మొన్నేగా..." అన్నాను. ఇనుప రేకు వేసిన బూటుతో నా కాలు తొక్కాడు.

రెండు రోజులు ఆవిడ కారు కింద పడుకుని బిగించాం. ఇంజనీరు సంతకం పెట్టాడు.

ఇంటికెళ్ళి కుంటుతూ అక్కతో చెప్పాను. "పదకొండేళ్ళకి కుదిరింది కూడా ఇచ్చేశాడే!"

"మిగతా ఐదూ కుదరలేదనుకున్నావా? పాస్టరుగారి బండి కింద ఉన్నది ఎవరిదనుకున్నావురా? ఎవరికీ చెప్పకు. తనకి అబద్ధాలు బాగా వచ్చని మురిసిపోతున్నారు పాపం."

మా బావంటే నాకింత ఇష్టమని ఆ రోజే తెలిసింది.

ఈస్టరునాడు ఊరేగింపు మొదలయ్యే ముందు థోరాగారు బావని పక్కన కూర్చోబెట్టుకుని యాక్సిలరేటర్ ఒక్క తొక్కు తొక్కింది. కారు గీత గీసినట్టు సూటిగా దూసుకుపోయింది. చుట్టు తిరిగొచ్చి మా ముందు ఆగింది. బావ ముఖం వెలిగిపోతోంది.

"ఎలా ఉంది మెర్విన్?"

"అబ్బే, ఒకటే మోత!"

"అవునా? అయితే దిగకు. ఊరేగింపు అయ్యేదాకా ఇక్కడే కూర్చుని, ఏ పక్కనుంచి వస్తోందో విని చెప్పు" అని ఆవిడ మళ్ళీ గేరు వేసింది.