మా మేనత్త దవడపన్ను

నాకు పొగరని మా పాలెంలో అందరూ అనేవారు. అబద్ధమేమీ కాదు. అంతర్వేది దగ్గర, సముద్రం ఒడ్డున వలలు ఆరేసుకునే ఆ పాలెంలో డాక్టరు చదువు చదివిన మొదటిదాన్ని నేనే. ఆ మాత్రం పొగరు లేకపోతే ఆ చదువు సగంలోనే ఆగిపోయేది. కాకపోతే నేను చదివింది పళ్ళ డాక్టరీ. అదే మా మేనత్తకు కొరుకుడు పడలేదు. గుండె డాక్టరనో కంటి డాక్టరనో అయితే చెప్పుకోవడానికి బాగుంటుంది గాని, పళ్ళు పీకడానికి అన్నేళ్ళ చదువెందుకని మా నాన్నను అందరి ముందూ అడిగేసింది. మా నాన్న వాళ్ళక్కకు ఎదురు చెప్పే మనిషి కాదు. తల వంచుకుని వల బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

మేనత్తది పిట్ట కొంచెం, కూత ఘనం. రోజూ తెల్లారేసరికి రేవు దాటించే పంటు పడవెక్కి నరసాపురం వెళ్ళి, నెత్తిన గంపతో వీధివీధీ తిరిగి చేపలమ్మేది. వీధి మొదట్లో ఆవిడ కేకేస్తే చివరింటివాళ్ళు కత్తిపీట కడిగి సిద్ధంగా పెట్టుకునేవారు.

తొంభైల చివర్లో, నా హౌస్ సర్జన్సీ అయిపోయి ఇంటికొచ్చిన వేసవిలో, ఆవిడకు పై దవడపన్ను పుచ్చింది. కేకేద్దామని నోరు తెరిస్తే చాలు, గాలి తగిలి జివ్వుమనేది. లవంగం నొక్కింది, పొగాకు కుక్కింది. పీకించుకోదు. పై పన్ను పీకిస్తే కళ్ళు పోతాయని భయం. చివరికి గంప దించేసి ఇంట్లో కూర్చుంది. నోరాడితే గాని డొక్కాడని మనిషి ఎన్నాళ్ళని కూర్చుంటుంది? నేను టార్చిలైటు వేసి చూశాను. గుంట లోతుగానే ఉంది గాని నరం దాకా పోలేదు. పీకకుండానే నిలబెడతానన్నాను.

మా పాలెంలో పగలు కరెంటుండేది కాదు. ఉన్నా నా దగ్గర డ్రిల్లు లేదు. ఉన్నవల్లా పుప్పిని చేత్తో గీకి తీసే పనిముట్లు, గ్లాస్ అయోనమర్ సిమెంటు సీసాలు రెండూను. ఒకదాంట్లో పొడి, ఇంకోదాంట్లో చిక్కటి ద్రవం. రెండూ కలిపితే ముద్దవుతుంది. పంటిని కోసి పట్టు చెయ్యక్కర్లేకుండా దానంతటదే పంటికి అతుక్కుంటుంది. అప్పటి నుంచి కొంచెం కొంచెంగా ఫ్లోరైడు వదులుతూ పంటిని కాస్తుంది. ఇదంతా గొప్పగా చెబుతూ, ఆ పొడి గాజుదని నోరు జారాను.

అత్త చాప మీంచి లేచి కూర్చుంది. "నాచేత గాజు మింగిస్తావటే? మీ నాన్న అక్కని వదిలించుకోమన్నాడేంటి?"

పాలెం సగం మా అరుగు దగ్గరే ఉంది. అందరూ నవ్వారు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నాకు ఇల్లూ రచ్చా ఒకే అరుగు మీదికి వచ్చి కూర్చున్నాయి. ఈ పన్ను నిలిస్తే పాలెమంతా నా దగ్గర నోరు తెరుస్తుంది. సిమెంటు ఊడిందా, మా నాన్న మళ్ళీ తల వంచుకోవాలి.

పుప్పి గీకి, గుంట కడిగి ఆరబెట్టి, సిమెంటు కలిపాను. ఆ ఎండవేడికి ముద్ద నిగనిగ పోయి, పంటి దాకా చేరకముందే గట్టిపడింది. మెరుపు తగ్గిన ముద్ద అతకదు, పారేశాను. అప్పుడే అయిపోయిందా అని వెనక నుంచి ఎవరో అన్నారు. వెలుతురుకి అడ్డం లెమ్మని అందరినీ కసిరాను. కలిపే గాజు పలకను మంచినీళ్ళ కుండకు ఆనించి చల్లబరిచి, చుక్క తడి లేకుండా తుడిచి మళ్ళీ కలిపాను. ఈసారి మెరుపుండగానే గుంటలో పెట్టి, వేలికి వాజలీను రాసుకుని గట్టిగా అదిమాను. గట్టిపడేదాకా వేలు తియ్యలేదు. ఒక గంట ఏమీ తినొద్దు, తాగొద్దు, నోరు ఊరికే ఆడించొద్దని చెప్పాను.

గంట దాటింది. అత్త నోరు విప్పలేదు. పొద్దుగూకినా విప్పలేదు. మర్నాడు అలాగే పంటెక్కి వెళ్ళి, కేక లేకుండా గుమ్మం గుమ్మానా గంప దించి, వేళ్ళతో బేరమాడి అమ్ముకొచ్చిందట. ఆవిడ గొంతుకేదో రోగమొచ్చిందని నరసాపురంలో, నేనే ఏదో చేశానని పాలెంలో చెప్పుకున్నారు.

ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి, వేయించిన మెత్తళ్ళ చేపలు ఆ దవడనే వేసుకుని కరకర నమిలింది. నమిలి, నోరు తెరిచి మా నాన్నకు చూపించింది. గంట చాలని చెప్పానా లేదా అని విసుక్కున్నాను.

"గంటకి అతికింది రోజుకి ఇంకా గట్టిగా అతుకుద్ది గదా అనుకున్నానే. ఊడితే పోయేది నా పన్నే. కానీ జనం అనేది నిన్ను."

మా నాన్న వల పక్కన పెట్టి, వాళ్ళక్క నోట్లోకి తొంగి చూసి గట్టిగా నవ్వాడు. మర్నాడు తెల్లారేసరికి మా అరుగు మీద చోటు లేదు. ఆ వేసవంతా పీకింది తక్కువ, నిలబెట్టింది ఎక్కువ. ఈ మాట మాత్రం పొగరుగానే చెబుతాను.

కొన్నేళ్ళకు అత్త రాజమండ్రిలో కూతురింటికి వెళ్ళినప్పుడు పక్క పన్ను నొప్పి చేసింది. అక్కడి డాక్టరు పాత సిమెంటు కాస్త అరిగిందని, పనిలో పనిగా అదీ తీసేసి పైన తొడుగు వేస్తానన్నాడట. మా అత్త ఆయన చెయ్యి పట్టుకుని ఆపేసిందని కూతురే నాకు చెప్పింది.

"ఆ పక్కది ఏమన్నా చేసుకో బాబూ, కావాలంటే పీకెయ్యి. దీని జోలికి మాత్రం రాకు. ఇది నాది కాదు, మా మేనకోడలిది. పళ్ళ డాక్టరు."