సుద్దపొడి చేతులు

ఇంటర్వెల్ గంట కొట్టగానే బడి వెనక నీళ్ళ ట్యాంకు చాటుకు వెళ్ళి సిగరెట్టు కాల్చడం నా అలవాటు. ఆ తర్వాత సోంపు నమిలి, సుద్దముక్క నలిపి ఆ పొడి వేళ్ళకు బాగా పట్టించేవాణ్ణి. సుద్ద ఏ వాసననైనా మింగేస్తుందని నా సిద్ధాంతం. లెక్కల మేస్టారి చేతులు తెల్లగా ఉంటే అనుమానించే వాళ్ళెవరు?

ఈ ఏడు ఎనిమిదో తరగతిలో సుద్దముక్కలు తొందరగా అయిపోవడం మొదలైంది. ఒకరోజు నోట్సులు దిద్దుతూ చూస్తే వెనక బెంచీలో ముగ్గురి వేళ్ళు తెల్లగా ఉన్నాయి. నా పీరియడులో బోర్డు దగ్గరికి రమ్మంటే తల వంచుకునే వాళ్ళు! ఇంటర్వెల్లో వాళ్ళంతట వాళ్ళే బోర్డు మీద లెక్కలు చేసుకుంటున్నారని అనుకున్నాను. నా బోధన ఇన్నాళ్ళకు ఫలించిందని స్టాఫ్ రూములో గొప్పలు కూడా చెప్పుకున్నాను. కొత్త సుద్దపెట్టె తెచ్చి, వాళ్ళకు అందేలా కిటికీలో పెట్టాను.

వారం తిరక్కుండానే ఆ ముగ్గురిలో ఒకణ్ణి ట్యాంకు వెనక ప్యూను పట్టుకున్నాడు. మిగతా ఇద్దరూ గోడ దూకారు.

మాది బెంగాల్లో రైల్వే బడి, హెడ్‌మిస్ట్రెస్ బెంగాలీ ఆవిడ. సిగరెట్టుతో దొరికితే టీసీ ఇచ్చి పంపేయడమే ఆవిడ పద్ధతి. కబురందుకున్న ఆ కుర్రాడి నాన్న రైల్వే వర్క్‌షాపు నుంచి గ్రీజు మరకల బట్టలతోనే వచ్చాడు. వచ్చీరాని బెంగాలీలో ఆవిణ్ణి బతిమాలి, నావైపు తిరిగి తెలుగులోకి వచ్చేశాడు.

"సదువు మధ్యలో టీసీ ఇచ్చేస్తే ఏ బడోళ్ళు సేర్సుకుంటారు మేస్టారూ? మీరైనా ఓ మాట సెప్పండి."

కుర్రాడేమో అసలు కాల్చలేదని, ప్యూను పొరబడ్డాడని వాదిస్తున్నాడు. నిజమో కాదో వాడి చెయ్యి వాసన చూసి చెప్పమంది ఆవిడ.

చూశాను. సుద్ద. దాని అడుగున పొగాకు, స్పష్టంగా. నా సిద్ధాంతం అక్కడితో సరి. వాసన లేదని చెబితే వాడు బతికిపోతాడు, మళ్ళీ ట్యాంకు వెనక్కే పోతాడు. ఉందని చెబితే వాడికి బడే పోతుంది. వాడు మాత్రం నా పేరు ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు సులువయ్యేది.

"వాసన ఉంది మేడమ్," అన్నాను. "నాది కూడా చూడండి. వాడికి ఈ విద్య నా దగ్గరే వచ్చింది."

ఆవిడ నా చెయ్యి వాసన చూడలేదు కానీ, నన్ను చాలాసేపు చూసింది.

"తో టీసీ కిస్‌కో దూఁ, మాస్టర్‌మశాయ్?" అయితే టీసీ ఎవరికివ్వమంటారని హిందీలో అడిగింది.

వాడి నాన్న కంగారుపడ్డాడు. "మేస్టారికి ఇచ్చీకండమ్మా, లెక్కలెవులు సెప్తారు?" అన్నాడు, ఆవిడకు తెలుగు రాదని మరిచిపోయి.

చివరికి ఇద్దరికీ ఒకే శిక్ష పడింది. రోజూ ఇంటర్వెల్ అయ్యేదాకా నేనూ వాడూ ఆవిడ గది ముందు బెంచీ మీద, అందరికీ కనిపించేలా కూర్చోవాలి. అటు వెళ్ళే పిల్లలంతా ఆగి నాకు నమస్కారం పెట్టి, నవ్వు బిగబట్టుకుని పోతున్నారు. మొదటిరోజు నా కాలు ఒకటే ఊగుతుంటే వాడు గమనించాడు.

"మీకూ నోరు పీకుతున్నాదా మేస్టారూ?"

ఔనన్నాను. ఈ అలవాటు ఎక్కడైందని అడిగాడు. ఈ బడిలోనే, నీ వయసులోనే, మా మేస్టారిని చూసి అని చెప్పాను.

వాడు బెంచీ మీద కొంచెం పక్కకు జరిగాడు.

"అయితే ఆరిని కూడా పిలిసి కూకోబెట్టాలండి."