పరిగెత్తిన చెరువు

గోపాలకృష్ణమూర్తి మాస్టారికి లెక్కలు సరిగా రావని కోడూరు బడిపిల్లలు ముసిముసిగా నవ్వుకుంటారు. ఆ నవ్వు కోసమే ఆయన రోజుకో లెక్క తప్పు చేస్తారు. ఘంటసాలలో ఎక్కి, అవనిగడ్డలో బస్సు మారి, కోడూరు చేరేలోగా కిటికీ పక్కన కళ్లు మూసుకుని ఆయన ఆలోచించేది ఒక్కటే. ఇవాళ ఎవరి తప్పు చెయ్యాలి? పక్క సీటువాళ్లు మాస్టారు కునుకు తీస్తున్నారనుకుంటారు. వరిచేల మీది గాలి మొహానికి తగులుతుంటే, మూసిన కళ్ల ముందు పిల్లలు ఒక్కొక్కరే వచ్చి వెళ్తుంటారు.

సగానికి మూడోవంతు కలపమంటే శ్రీచరణ్ పైవి పైన, కిందవి కింద కూడేసి రెండు బై ఐదు అంటాడు. మర్నాడు మాస్టారే బోర్డు మీద ఎంతో ధీమాగా రెండు బై ఐదు అని రాస్తారు. క్లాసు గొల్లుమంటుంది. "కలిపితే సగం కన్నా తగ్గిపోయిందేంటండీ?" అని ముందు లేచేది శ్రీచరణే. తన తప్పుని మాస్టారి చేతిరాతలో దిద్దినవాడు మళ్లీ ఆ తప్పు చెయ్యడు. ఇది ఆయన ఏ ట్రైనింగులోనూ నేర్చుకున్నది కాదు. ట్రైనింగుల్లో టీ బాగుంటుంది, అంతే.

ఈమధ్య ఆయనకి ఒక భయం పట్టుకుంది. పేర్లు జారిపోతున్నాయి. మొన్న అవనిగడ్డలో దిగడం మరిచిపోయి నాగాయలంక దాకా వెళ్లిపోయారు. "బందరు వెళ్లి డాక్టరుకి చూపించుకుందాం రండి," అని భార్య ఆండాళ్ బతిమాలితే వినలేదు. మనసులో మాత్రం ఒట్టు పెట్టుకున్నారు, ఈ మరుపు బోర్డు దాకా వచ్చిన రోజున ఇక పాఠం చెప్పకూడదని. పాఠం తప్ప ఆయనకి ఇంకో లోకం లేదు.

ఆ మధ్యాహ్నం ఏడో తరగతిలో రొయ్యల చెరువు వైశాల్యం లెక్క. ఎండ, ఫ్యాను చప్పుడు, కాలువ మీంచి తేమగాలి. సుద్దముక్క దానంతటది నడుస్తున్నట్టుంది. పొడవు రాశారు, వెడల్పు రాశారు, ఆ తర్వాత ఏ లోకంలోకి వెళ్లారో, పొద్దున ఎనిమిదో తరగతికి చెప్పిన రైలు లెక్కలోకి దిగిపోయారు. చివరి వరసలో జవాబు, గంటకు యాభై కిలోమీటర్లు.

"చెరువు పరిగెత్తుతోందండీ మాస్టారూ," అన్నాడు శ్రీచరణ్. క్లాసంతా విరగబడి నవ్వింది. మాస్టారు బోర్డు వంక చూసుకున్నారు. పెట్టుకున్న ఒట్టు గుర్తొచ్చింది. పైకి మాత్రం ఆయనా నవ్వారు.

బెల్లయ్యాక, ఇక నా వల్ల కాదని హెడ్మాస్టారికి చెప్పేద్దామని లేచారు. గుమ్మంలో నాగశ్రీ నిలబడి ఉంది. పిలిస్తే తప్ప పలకని పిల్ల.

"ఇవాళ్టిది మీరు కావాలని చేసింది కాదు కదండీ?"

"ఎందుకలా అనిపించిందమ్మా?"

"మీరు కావాలని చేసే తప్పులన్నీ మావేనండీ. మొన్నటి గుణకారం తప్పు నాది. ఇవాళ్టిది మాలో ఎవరిదీ కాదు."

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. "మరి అప్పుడే చెప్పలేదేం?"

అదేం ప్రశ్న అన్నట్టు చూసింది నాగశ్రీ. "నా తప్పు నాదని మీరెవరికీ చెప్పలేదు కదండీ."

ఆయనకి ఏడుపొచ్చింది. ఇన్నేళ్లూ లెక్కలు నేర్పుతున్నాననుకున్నారు. ఈ పిల్ల నేర్చుకున్నది లెక్కలు కాదు. తప్పుకి సిగ్గుపడక్కర్లేదని ఊరి పిల్లలందరికీ నేర్పిన మనిషికి ఆ పాఠం ఇంకా వంటబట్టనే లేదు.

హెడ్మాస్టారి గదికి వెళ్లలేదు. ఆ శనివారం ఆండాళ్‌తో బందరు వెళ్లి డాక్టరుని కలిశారు. సోమవారం క్లాసులో సుద్దముక్క పట్టుకుని నిలబడి చెప్పారు. "మొన్న చెరువుని పరిగెత్తించింది ఆట కాదర్రా. నిజంగానే మరిచిపోయాను. ఇక నుంచి నేను దారి తప్పితే మీరే ఆపాలి."

ఎవరూ నవ్వలేదు. "సరేనండీ," అన్నారు.

ఆ రోజు ఆయన కావాలని ఏ తప్పూ చెయ్యలేదు. అయినా బోర్డు మీది ప్రతి వరసనీ పిల్లలు ఆయనతోపాటే పైకి చదువుతూ వచ్చారు, చిన్నపిల్లాణ్ణి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తున్నట్టు.