ఒడిబియ్యం తిన్న గాడిద

మూగజీవికి పసుపు రాసి, బొట్టు పెట్టి, చేతులెత్తి మొక్కిన మీరు, అదే జీవి కడుపునొప్పితో నేలమీద పొర్లుతుంటే ఎన్నడైనా వైద్యుడి దగ్గరికి తీసుకుపోయారా? నాకు జవాబు చెప్పనక్కరలేదు. మీలో మీరు చెప్పుకోండి. మొక్కడం తేలిక. మొక్కితే కంపు అంటదు, చెయ్యి పేడ కాదు, పని పోదు.

నేను పొద్దున్నే పోయే చోట చెయ్యి పేడ అవుతుంది. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డు పక్కన, జనం చందాలతో నడిచే చిన్న జంతువుల ఆస్పత్రి అది. రెండు గదులు, ఒక రేకుల షెడ్డు, ఒక నీళ్ల తొట్టి. ఆదోని పత్తి మిల్లుల్లో అమ్మకానికి పనికిరాని దూది మా కుక్కపిల్లలకు పరుపు. ఎమ్మిగనూరు మగ్గాల దగ్గర మిగిలిన గుడ్డపీలికలు మా కట్లకు సరుకు. రంగు రంగుల పట్టు అంచు కాలికి చుట్టుకుని తిరిగే కుంటికుక్కను మీరెక్కడైనా చూశారా? మా దగ్గర చూడొచ్చు.

వైద్యురాలు ఎమ్మిగనూరు నేతపనివాళ్ల ఇంటి పిల్ల. ఆమెకు సాయం ఒకప్పుడు ఆదోనిలో జట్కా తోలిన పెద్దాయన. ఊరంతా ఆయన్ను భాయ్ అంటుంది. ఆయనకు లోకంలో ప్రతి జంతువూ బేటానో బేటీనో. ఊరూరా మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలిచ్చే నాకు సూది వేయడం రాదు, మందు కలపడం రాదు. నా పని జంతువును పట్టుకుని, అది బెదరకుండా మాట్లాడుతూ ఉండటం. "సారు ఉపన్యాసం మొదలుపెడితే కుక్కలు కూడా కదలవు" అంటుంది డాక్టరమ్మ. పొగడ్తో కాదో నేను అడగలేదు.

ఆ పొద్దుల్లో ఏముంటుందని అడిగితే చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు. సంచిలో పిల్లిని పెట్టుకుని ఒక ముసలామె వస్తుంది, బుర్ఖా అంచుతో దాని ముక్కు తుడుస్తూ ఉంటుంది. గాలిపటం దారానికి రెక్క కోసుకుపోయిన గద్దను ఎవరో తువ్వాలులో చుట్టి తెస్తారు. లారీ కింద పడి కాలు పోయిన కుక్క వచ్చిన ప్రతివాణ్నీ వాసన చూసి లోపలికి పంపిస్తుంది. పిల్లి ముసలామె పక్కన శిలువ గొలుసు వేసుకున్న కూలిమనిషి, ఆయన పక్కన విభూతి పెట్టుకున్న వ్యాపారి, ఒకే బెంచీ మీద కూర్చుని ఒకరి జంతువు గురించి ఒకరు అడుగుతుంటారు. మనుషుల ఐక్యత మీద నేను చేసిన ఉపన్యాసాలన్నీ ఆ బెంచీ ముందు దండగ.

మొన్న ఆషాఢంలో, వాన చుక్క లేని రోజుల్లో, ఒక ట్రాలీ ఆటో షెడ్డు ముందు ఆగింది. అందులో గాడిద ఉంది. నుదుట బాసికం, మెడలో పసుపుకొమ్ము కట్టిన తాడు, నడుముకు ఎర్రచీర, మూతి దాకా పసుపు. పక్కన దాని యజమానురాలు, ఊళ్లో బట్టలుతికే మనిషి, గాడిద మెడ చుట్టూ చెయ్యి వేసి నిలబడి ఉంది.

భాయ్ ఎదురుపోయాడు. "అరే బేటీ! షాదీ ఇంటి నుంచి సీదా దవాఖానాకు వస్తివా?"

"నవ్వొద్దు భాయ్, సచ్చిపోయేతట్టుంది" అంది ఆమె. "వాన కోసరం పెండ్లి సేసినారు. నిన్న మాపటేల దాకా బాగుండె. ఆన్నుంచి లేసేది, పండేది, పొట్ట తట్టు తిరిగి సూసుకునేది. పొద్దున సూస్తే కాలు గూడ ఎత్తలేదు."

వానలు రాకుంటే గాడిదలకు పెళ్లి చేయడం మా వైపు ఉన్నదే. డప్పులు, ఊరేగింపు, అక్షింతలు అన్నీ ఉంటాయి. గాడిదలకు బదులు రైతుల ఎద్దులకూ ఆవులకూ ఆ పెళ్లి ఎందుకు చేయరని నేను చాలా సభల్లో అడిగాను. ఎద్దుకు ఏదైనా అయితే అడిగేవాళ్లుంటారు. బట్టలుతికే ఆడమనిషి గాడిదకు ఏదైనా అయితే అడిగేదెవరు?

ఆమె చీర విప్పింది. డాక్టరమ్మ గాడిద పొట్టకు స్టెతస్కోపు గొట్టం ఆనించి చాలాసేపు విన్నది. ఒక పక్క, తర్వాత ఇంకో పక్క. మొహం మారింది.

"కడుపులో చప్పుడే లేదు. ఏం తినింది అక్కా?"

"రోజూ తినేదేనమ్మా."

"నిజం చెప్పు అక్కా."

ఆమె తల వంచుకుంది. "ఒడిబియ్యం."

పెళ్లయిన ఆడపిల్ల ఒడిలో అయినవాళ్లు తలా పిడికెడు బియ్యం పోసి పంపడం మా ఇళ్లల్లో ఆనవాయితీ. ఆ పిల్ల కడుపు చల్లగా ఉండాలని పోస్తారు. మంచి మనసుతో పోస్తారు, కాదనను.

"గాడ్దికి ఒడి యాడుంటాదమ్మా?" అంది ఆమె. "నడుముకు కట్టిన సీర కొంగులో పోస్తే కిందికి రాలిపాయె. రాలితే అపశకునం అనిరి. ఒకాయమ్మ బియ్యంలో బెల్లం కలిపి నోటికి పెట్టె. ఇది గబగబ తినె. తినిందని అందరూ మురిసిపోయిరి. ఇంగ ఒక్కో ఇంటోళ్లు వచ్చి పెట్టేదే పెట్టేది. ఒకరి సేతిది తిని ఇంగొకరిది తినకుంటే వాళ్లు ఊరుకుంటారా?"

"నువ్వు వద్దనలేదా?" అన్నాను.

ఆమె నా మొహం చూసింది. "నాకు నోరుందా అప్పా? వాళ్ల బట్టలు ఉతికి బతికేదాన్ని."

 ఆ మాట వెనుక ఉన్న ఊరంతటి మీదా నాకు కోపం వచ్చింది.

డాక్టరమ్మ అప్పటికే గొట్టాలు తీస్తోంది. "కుక్కయితే కక్కేస్తుంది. గాడిద కక్కలేదు సార్. దేవుడు దీనికి ఆ దారి..." అని నా వైపు చూసి, "ప్రకృతి దీనికి ఆ దారి పెట్టలేదు" అని దిద్దుకుంది. "బియ్యం లోపల నాని, పులిసి, ఉబ్బిపోయింది. పులిసినప్పుడు పుట్టే విషం కాళ్లలోకి దిగుతుంది. డెక్కలు పాడైతే ఇది బతికినా నడవదు."

నడవని గాడిదతో ఆమె ఏం చేసుకోవాలి? వాగు దాకా మూటలు మోసేది అదే. ఇంట్లో ఆమెకు తోడు కూడా అదే.  ఆమె గాడిద చెవి వేళ్ల మధ్య పెట్టుకుని నిమురుతూ నిలబడింది.

ముక్కులోంచి గొట్టం కడుపు దాకా దించాలి. బాసికం అడ్డం వచ్చింది. డాక్టరమ్మ ఆమె వైపు చూసింది. ఆమె బాసికం తానే లాగి పారేసింది. "దీనికి కావాల్సింది మొగుడు కాదమ్మా. కడుపు కదలాల."

నేను తల పట్టుకున్నాను. గోరువెచ్చని నీళ్లు పోసి వెనక్కి తీస్తుంటే, పులిసిన గంజి కల్లుకుండ వాసనతో వచ్చింది. "వారెవ్వా, పెండ్లికూతురు బాగా మందు కొట్టినట్టుంది" అన్నాడు భాయ్. ఏడుపు మొహంతో ఉన్న ఆమె కూడా నవ్వింది. తర్వాత అదే గొట్టంలో పేగులు జారడానికి పారఫిన్ నూనె పోశారు. నొప్పికి సూది వేశారు. సోడాల అంగడి నుంచి ఐసు తెప్పించి, తొట్టి నీళ్లలో వేసి, తడిపిన గోనెపట్టలు నాలుగు డెక్కలకూ చుట్టారు.

ఇక నా వంతు. అది బెదరకుండా మాట్లాడాలి. ఏం మాట్లాడను? సముద్రం మీద గాలి వేడెక్కడం, మబ్బు కట్టడం, కొండలు దాటి మా మెట్టభూముల దాకా వచ్చేసరికి ఆ మబ్బు తేలిపోవడం, అన్నీ ఓపికగా చెప్పాను. చెవులు నిక్కబొడుచుకుని విన్నది. అంత శ్రద్ధగల శ్రోత నాకు ఏ సభలోనూ దొరకలేదు.

మధ్యాహ్నం దాటాక ఊరి పెద్దమనిషి మోటారు సైకిల్ మీద వచ్చాడు, వెనక ఇంకో ట్రాలీ ఆటోను వెంటబెట్టుకుని. పెళ్లి చేయించింది ఆయనే. మగగాడిద పక్క ఊరిది. పెళ్లికూతురు ఆ ఊరికి పోయి మూడు నిద్రలు చేయాలి. అప్పుడే పెళ్లి నిలిచినట్టట.

"ఆడ అందరూ కాసుకోనుండారు. ఎక్కించండి" అన్నాడు.

"ఇప్పుడు నడిపిస్తే డెక్కలు ఊడతాయి" అంది డాక్టరమ్మ.

"నడిపించంలేమ్మా. ఆటోలోనే పోతాది."

"ఆటో కుదుపులకు కూడా ఇది తట్టుకోలేదు."

నేను ఊరుకోలేకపోయాను. వాన తెచ్చేది సముద్రం మీది మబ్బని చెప్పి, గాడిద పెళ్లికీ వానకూ ఏ సంబంధం ఉందో చూపించమన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. కోపం తెచ్చుకోలేదు.

"మీరు సెప్పే మబ్బు మాత్రం పోయినేడు వచ్చిందా సారూ? బోరు ఎండె. పత్తి ఇత్తనం బూమిలోనే మాడిపాయె. ఏదో ఒగటి సేయకుంటే మనిసి ఇంట్లో కూసోగలడా? మీకేం, మాట్లాడి పోతారు."

ఆ మాటలో నిజం ఉంది. ఎండిన చేను ముందు ఖాళీ చేతులతో నిలబడటం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ మనిషి బాధ నిజమైనంత మాత్రాన మందు నిజమైపోదు. ఆ మాటే చెప్పి, ఇంకో ప్రశ్న వేశాను: "ఇది ఆషాఢం కదా. ఈ నెలలో మనుషులకు పెళ్లి చేయరు. మీరు ముహూర్తం ఎట్లా పెట్టారు?"

ఆయన నవ్వాడు. "గాడ్దులకు ఆషాడమేంది సారూ!"

నేను నోరు తెరిచేలోపు, గోనెపట్ట మీద నీళ్లు పోస్తున్న ఆమె తల ఎత్తింది. "గాడ్దికి ఆషాడం లేకుంటే మూడు నిద్రలు మాత్రం యాడియి పెద్దప్పా? ఉంటే రెండూ ఉండాల. ఆషాడం ఉందంటావా, కొత్త కోడలు అత్తగారింటి గడప తొక్కగూడదు. లేదంటావా, మూడు నిద్రలూ లేవు. ఎట్ల జూసినా ఇది ఈడ్నే ఉంటాది."

 భాయ్ చేతిలో బకెట్ అట్లాగే ఉండిపోయింది. పెద్దమనిషి తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు.

"ఓసి నీ! నువ్వు ఇంత మాట్లాడతావని ఊళ్లో ఎవరికీ తెలీదే!"

"ఎవరు అడిగినారు?" అంది ఆమె.

ఆయన కాసేపు గాడిద చుట్టూ తిరిగాడు. అది నీరసంగా తల వేలాడేసి నిలబడి ఉంది. ఆయన మెల్లగా చెయ్యి చాచి దాని మెడ తట్టాడు. "నేను గూడ ఒగ పిడికెడు పెడితి" అన్నాడు. తర్వాత ఆటోవాణ్ని పంపించేశాడు. "ఇంగ ఊరికి నేనేం సెప్పాల సారూ?"

"ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మనం పెట్టిన బియ్యంతోనే దానికి జబ్బు చేసిందని చెప్పండి."

"వాన రాకుంటే మీరే అడ్డం పడినారని సెప్తా."

"తప్పకుండా చెప్పండి. నేనే వచ్చి ఒప్పుకుంటాను."

"మీరు వచ్చేది ఒప్పుకోనీకి కాదులే, ఇంగా వాదన సేయనీకి" అంటూ ఆయన చొక్కా చేతులు మడిచి తొట్టి దగ్గరికి నడిచాడు. సాయంత్రం దాకా ఐసునీళ్లు మోసింది ఆయనే.

మర్నాడు పొద్దున నేను పోయేసరికి షెడ్డు ముందు భాయ్ చేతులు ఊపుతున్నాడు. "సారూ, జల్దీ! బేటీ వేసింది, బేటీ వేసింది!" గాడిద లద్దె వేసింది. పల్చగా, నూనె కారుతూ, మధ్య మధ్య తెల్లటి బియ్యపు గింజలతో. మేం దాని చుట్టూ మూగి చూశాం. ఏ బంగారు విగ్రహం చుట్టూనైనా జనం అంత ఆనందంగా నిలబడటం నేను చూడలేదు. డాక్టరమ్మ పొట్టకు స్టెతస్కోపు గొట్టం పెట్టి విని, ఆ గొట్టం తీసి యజమానురాలి చెవులకు తగిలించింది.

ఆమె ఊపిరి బిగపట్టి విన్నది. "గుడగుడ అంటాంది" అంది. మళ్లీ విన్నది. గొట్టం తిరిగి ఇవ్వడానికి చాలాసేపు పట్టింది.

డెక్కలు నిలిచాయి. కొన్నాళ్లు మెత్తటి దూది పరుపు మీద ఎండుగడ్డి తింటూ ఉండి, ఒక ఉదయం తన కాళ్ల మీద తానే ఆటో ఎక్కింది.

వాన సంగతి కూడా చెప్పాలి కదా. ఆ వారంలో దగ్గర్లోని నందవరం వైపు మంచి వాన పడింది. అక్కడ ఎవరూ ఏ గాడిదకూ పెళ్లి చేయలేదు. వీళ్ల ఊళ్లో దుమ్ము అణిగేంత పడి పోయింది. పెద్దమనిషి ఫోన్ చేశాడు. "సూడు సారూ, మూడు నిద్రలు కాలేదు గదా, అందుకే సగం వానే వచ్చె." నేను గంటసేపు వాదించాను. ఆయనా తగ్గలేదు. చివర్లో, "వచ్చే ఏడు సేసినా గాడ్దికి తిండి మాత్రం పెట్టనియ్యం. ఆయమ్మ ఒప్పుకుంటేనే సేస్తాం" అన్నాడు. నాకు కావలసినదాంట్లో అది సగం. మిగతా సగానికి వచ్చే ఏడు ఆ ఊరికి పోతాను.

మీ ఊరికి నేను రాలేను. అక్కడ మీరున్నారు. వాన మొహం చాటేసిన ఏడు మీ రచ్చబండ దగ్గరా ఇలాంటి పెళ్లి మాట లేస్తుంది. లేచిన రోజే పోండి. ఆ జంతువు ఎవరిదో కనుక్కుని, వాళ్ల పక్కన నిలబడండి. వాళ్లు వద్దనలేకపోతే మీరు వద్దనండి, గట్టిగా, అందరి ముందూ. పెళ్లి ఆపలేకపోతే తినిపించే చేతినైనా పట్టుకోండి, అది మీ అమ్మ చెయ్యి అయినా సరే. అప్పటికే కడుపు ఉబ్బి ఉంటే శకునాలు చూస్తూ కూర్చోకండి. బండి పిలవండి, జంతువును ఎక్కించండి, మీరూ ఎక్కండి.