తూర్పు గట్టున ఏడు చెట్లు

నిన్న టెక్కలి రిజిస్ట్రారు ఆఫీసులో ఉన్నవాళ్లు: అమ్మ, అన్నయ్య, నేను, దస్తావేజు రాసే పెద్దాయన, మా ఊరినుంచి తీసుకెళ్లిన ఇద్దరు సాక్షులు. బల్లమీద ఉన్నవి: పాసుపుస్తకం, నాన్న మరణ ధ్రువపత్రం, ఆధార్ కాపీలు, నేను గీసిన తోట నక్షా. రానిది మేనత్త ఒక్కతే. కాగితం ప్రకారం ఆవిడతో పనిలేదు.

పెద్దాయన నక్షా చూసి ముచ్చటపడి, ఇంత శ్రద్ధగలవాడివి మీ నాన్న చేత వీలునామా ఎందుకు రాయించలేదు బాబూ అని అడిగాడు. కొలతలు తేలలేదని చెప్పాను. దానికి కొలతలెందుకు, ఫలానా గట్టు పక్క ఫలానా చెట్లున్న చోటు అని తెల్లకాగితం మీద రాసి, ఆయనా ఇద్దరు సాక్షులూ ఒకరి ఎదుట ఒకరు సంతకాలు పెడితే చాలు, స్టాంపు కూడా అక్కర్లేదు అన్నాడు, కళ్లజోడు తుడుచుకుంటూ. అప్పటినుంచి పలాస ఆసుపత్రిలో నాన్న మంచం, దానికి అటూ ఇటూ ఉన్న రెండు మంచాలే కళ్ల ముందున్నాయి.

మా ఉద్దానంలో, మా ఇంటివరకైనా, ఆడపిల్లకు పెళ్లిలో నేల ఇచ్చే అలవాటు లేదు, చెట్లు చూపించేవారు. తాత అత్తను పెళ్లికి ముందు తోటకు తీసుకెళ్లి, తూర్పు గట్టున ఏడు కొబ్బరిచెట్లకు కత్తితో గాటు పెట్టాడట. ఎవరూ ఏమీ రాసుకోలేదు. కాయల దింపు జరిగినప్పుడల్లా ఆ ఏడు చెట్లవీ అత్తకని విడిగా కుప్పపోసేవారు. తాత పోయి తోట నాన్న పేరు మీదికి మారినా, మామయ్య పోయి, పిల్లలు లేని అత్త తోట పక్కనే ఒంటిగది వేసుకున్నా, ఆ కుప్పను మాలో ఎవరూ ముట్టుకోలేదు.

తుఫానుకు ఏడూ పడిపోయాయి. హక్కు చెట్లమీదే గాని నేలమీద కాదు కనుక, చెట్లతోపాటు అదీ పోయిందని అత్త అనుకుందేమో, మొద్దులు తీసేస్తుంటే దూరంగా నిలబడింది. నాన్న మొద్దుల పక్కనే ఏడు గోతులు తవ్వి మొక్కలు ఆవిడ చేతికిచ్చాడు. ఆ తరువాత నాలుగు వేసవులు ఆవిడ బిందెతో నీళ్లు మోసింది.

నాన్నకు కిడ్నీలు చెడాక వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్. నేను డిప్లొమా చదివి మూలపేట పోర్టు పనుల్లో సర్వేలో చేరాను. సెలవు దొరికినప్పుడల్లా ఆయన మంచం పక్కన లాప్‌టాప్ పెట్టుకుని ఆస్తి జాబితా కట్టేవాణ్ణి: ఇల్లు ఒకటి, తోట ఒకటి, జీడిచెట్లు, కొబ్బరిచెట్లు, బ్యాంకు ఖాతాలు, నామినీలు. నా ఈడువాళ్లకు తెలిసే ఉంటుంది, మనకు ఏదైనా జాబితాలో ఒక గడిలో పడితేగాని ఉన్నట్టు అనిపించదు. రికార్డులో తోట రెండెకరాల పది సెంట్లు, నా కొలతలో రెండెకరాల ఆరు. ఆ నాలుగు సెంట్లు తేలేదాకా ఏదీ రాయకూడదని పట్టుపట్టాను.

నాన్న అడిగింది ఒక్కటే. “సెల్లి సెట్లున్న నేల సెల్లికి రాసీరా. రేపు నాను ఉంతానో నేదో.”

సర్వే ఆఫీసు నుంచి స్కెచ్ రానీ, ఒక్క వారం అన్నాను. ఎడమ మంచం మీదాయన నవ్వాడు. “సాచ్చి సంతకాలు మావిద్దరం పెడతాం గానీ తొరగా రాయించు మావా. మీవోడు కొలిసీసరికి మాకు సేతులుండవు.” కుడి మంచం మీదాయన డయాలసిస్ సూదులు లేని చెయ్యి పైకెత్తి చూపించాడు. నాన్న నవ్వాడు, నేనూ నవ్వాను. నా సంచిలో తెల్లకాగితాలు ఉన్నాయి.

పది రోజుల తరువాత, పలాస వెళ్లే దారిలో, ఆటోలోనే నాన్న పోయాడు. ఆ తరువాత పంతొమ్మిది రోజులకు స్కెచ్ వచ్చింది. నా కొలతే సరైనది.

అమ్మ తన వాటా మా ఇద్దరికీ వదిలేసింది. చీట్లు వేస్తే తూర్పు సగం అన్నయ్యకు వచ్చింది. సగాలు మార్చుకుందామని అడిగాను, కాని అప్పటికే అతను దాన్ని అమ్ముతానని గోదాము కట్టేవాళ్ల దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు. అన్నయ్య చెడ్డవాడు కాదు. “నాన్న రాసుంటే నాను కాదంతానేటి?” అన్నాడు. నా సగంలో ఏడు చెట్లు నేలతో సహా రాసిస్తానని అత్తకు చెప్పాను. ఆవిడ కొబ్బరికాయ పీచు తీస్తూనే ఉంది.

“ఈపాలి కొలిసీసినావేటి అల్లుడూ?” అంది. “అయ్యి నీయి. నాయి మా నాన్న సూపించినయి,” అని పీచు పక్కకు తోసింది.

తాత చెయ్యి చాపి చూపించింది రెండు తరాలు నిలిచింది, ఎందుకంటే చూసినవాళ్లంతా దాన్ని గుర్తుంచుకునే పని తమదే అనుకున్నారు. ఇప్పుడు గుర్తుంచుకోవడం కాగితానికి అప్పజెప్పాం, కాగితానికేమో మనం చెప్పిందే తెలుసు. తోట అంగుళం అంగుళమూ నాకు తెలుసు, ఆ తోట గురించి నాన్న చెప్పిన మాట ఒక్కటే ఎక్కడా రాసిలేదు.

నిన్న షెడ్యూలులో అన్నయ్య వాటా కొబ్బరిచెట్లు ఎన్ని అని పెద్దాయన అడిగితే, పాతవి ఇరవై ఏడు, ఈ ఏడాది కాపుకొచ్చినవి ఏడు, విడివిడిగా రాయండి అన్నాను. అలా రాయరు బాబూ, కలిపే రాస్తారు అన్నాడు.

పత్రంలో ముప్పై నాలుగు అని ఉంది.