ఓడిపోయే ఉద్యోగం

గోడ మాస్టారికి ఆ పేరు కుర్రతనంలో, టెన్నిస్ ఆడే రోజుల్లో వచ్చింది. అవతలివాడు ఎంత బలంగా బాదినా బంతి తిరిగి వచ్చేది. బాదీ బాదీ వాడి భుజం పీకేదే తప్ప ఈయన కాళ్ళు ఆగేవి కావు. పత్రికలవాళ్ళు ముచ్చటపడి గోడ అన్నారు. ఇవాళ కాకపోతే రేపు దేశానికి ఆడతాడని కూడా రాశారు. కానీ తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉండనే ఉంటాడు. పెద్ద పోటీలకు వెళ్ళడం, మొదటి రౌండులోనో రెండో రౌండులోనో ఇంటిదారి పట్టడం, రైలు కిటికీకి తడి సాక్సులు ఆరేసుకోవడం, ఇలాగే వయసు గడిచిపోయింది. చీలమండ విరిగాక ఆ ముచ్చటా తీరింది. చివరికి ఒక క్లబ్బులో కోచ్‌గా చేరాడు.

కోచ్ అంటే పిల్లలకు ఆట నేర్పడమే అనుకున్నాడు, పాపం. పొద్దున పూట పని అదే. సాయంత్రం పని వేరు. ఆఫీసుల్లో పగలంతా కుర్చీలు అరగదీసిన పెద్దమనుషులు సాయంత్రానికి నిక్కర్లు తొడుక్కుని దిగేవారు. వాళ్ళకు ఒకప్పటి పేరున్న ఆటగాడితో ఆడాలని ఉండేది. ఆడితే చాలదు, గెలవాలి కూడా. ఆ సంగతి తెలియక మాస్టారు మొదటి వారంలోనే క్లబ్బు సెక్రటరీని ఒక్క గేమూ ఇవ్వకుండా ఓడించాడు. మర్నాడు సెక్రటరీ గదికి పిలిపించి, కూర్చోమని కూడా అనలేదు.

"మాస్టారూ, మీరు ఛాంపియనే, కాదన్లేదు. కానీ పగలంతా పైవాళ్ళ చేత తిట్లు తిని మేం ఇక్కడికొచ్చేది మళ్ళీ మీ చేత తన్నించుకోడానికి కాదు. అర్థమైందిగా?"

అర్థమైంది. అర్థం కాకపోతే బతికేదెలా? ఇంట్లో భార్య అప్పుడు నిండు గర్భిణి. ఆ రోజు నుంచి మాస్టారు ఓడిపోవడం నేర్చుకున్నాడు. అదేమీ ఆషామాషీ విద్య కాదు. ఊరికే బంతిని నెట్‌లోకి కొట్టేస్తే పెద్దమనిషి పసిగడతాడు, ముఖం మాడ్చుకుంటాడు. బంతిని అతని నడుం ఎత్తున, చేతికి వాటంగా అందించాలి. అతను బాదాక పరిగెత్తాలి, అందీ అందనట్టు రాకెట్ చాపాలి, "అబ్బ, ఏం కొట్టారు సార్!" అనాలి. ముందు కాస్త గెలిచి, గెలుపు చేతిదాకా వచ్చాక వదిలెయ్యాలి. అప్పుడే అవతలివాడికి మజా. ఎవరి పొట్ట ఎంత, ఎవరి మోకాలు ఏ వైపు వంగదు, అన్నీ ఆయనకు కంఠతా వచ్చేశాయి.

భార్య ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికేచోట పనిచేసేది. మాట పదునైన మనిషి. "మనకి అన్నం పెట్టేది మీ ఆట కాదండీ, మీ ఓటమి. దాన్ని కాస్త జాగ్రత్తగా చూసుకోండి" అనేది నవ్వుతూ. ఆయనా నవ్వేవాడు. మొదట్లో కడుపులో మండేది. తర్వాత్తర్వాత మండడం మానేసింది. మంట ఆగిన రోజే భయపడి ఉండాల్సింది గానీ, నెల తిరిగేసరికి జీతం చేతిలో పడుతుంటే ఎవడికి భయం వేస్తుంది?

కూతురు క్లబ్బువాళ్ళు ఇచ్చిన కోర్టు వెనక గదిలోనే పుట్టి పెరిగింది. ఆ గదిలో సగం సంసారం, మిగతా సగం చిరిగిన నెట్లు, సున్నం డబ్బాలు, ఎగరడం మానేసిన పాత బంతులు. కోచ్ కూతురన్న ఒక్క హక్కు మీద, సభ్యులు రాకముందు తెల్లారగట్ల కోర్టంతా ఆ పిల్లదే. తండ్రి నేర్పాడు, ఆ పిల్ల అందిపుచ్చుకుంది. పదహారేళ్ళకే పెద్ద జట్టు ఎంపిక పోటీలకు పిలుపు వచ్చింది. బయట కోర్టు అద్దెకు తీసుకునే తాహతు వాళ్ళకు లేదు. నాన్న ఉద్యోగం ఉంటేనే కోర్టు, కోర్టు ఉంటేనే పిల్లకు ఆట.

ఆ పిల్లకు ఒక్కటే గుచ్చుకునేది. సాయంత్రమయ్యేసరికి నాన్న ఆ పొట్టరాయుళ్ళ ముందు చేతులెత్తేయడం. చిన్నప్పుడు ఒకసారి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన పక్కన కూర్చోబెట్టుకుని, "అదంతా నాటకం తల్లీ. నిజంగా ఆడితే వీళ్ళని ఎడంచేత్తో ఓడిస్తా" అన్నాడు. ఆ మాట పట్టుకునే పెరిగింది. బళ్ళో ఎవరైనా ఎగతాళి చేస్తే, "మా నాన్న నిజంగా ఆడినప్పుడు చూద్దురుగాని" అనేది.

ఆ రోజు రానే వచ్చింది. క్లబ్బులోకి కొత్తగా ఒక కుర్ర కోచ్ దిగాడు. జుట్టు వెనక్కి ముడేసుకుని, చేతిలో ట్యాబ్ పట్టుకుని, ఎవరు ఎలా కొట్టారో వాళ్ళకే వీడియోలో చూపించేవాడు. అందరికీ తెగ నచ్చేశాడు. ఇద్దరు కోచ్‌లెందుకు, ఒకడు చాలని కమిటీ తేల్చింది. ఎవర్ని ఉంచాలన్న దగ్గర సెక్రటరీకి ఒక సరదా ఆలోచన తట్టింది. ఆదివారం పొద్దున ఇద్దరూ ఒక సెట్ ఆడాలి. గెలిచినవాడు ఉంటాడు, ఓడినవాడు మూటాముల్లే సర్దుకుంటాడు. సభ్యులకు కాలక్షేపం కూడానట. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

మాస్టారు సెక్రటరీ గదికి వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు. "సార్, ఆదివారం ఆట... ఎలా ఆడమంటారు?"

సెక్రటరీకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక బల్ల చరిచి నవ్వాడు. "నిజంగానే ఆడండి మాస్టారూ! ఈ ఒక్కసారికి మీకు పర్మిషన్ ఇచ్చాం!"

ఆ మాట సాయంత్రానికల్లా క్లబ్బంతా పాకింది. అందరూ చెప్పుకుని చెప్పుకుని నవ్వుకున్నారు.

కూతురు మాత్రం నవ్వలేదు. "అతనికి బ్యాక్‌హ్యాండ్ మీద ఎత్తు బంతి రాదు నాన్నా. నేను వారం నుంచీ చూస్తున్నా. అక్కడే వెయ్యి."

"చూశాన్లే."

"నిజంగా ఆడతావుగా?"

"నిజంగానే ఆడతా తల్లీ."

ఆదివారం సభ్యులు కుర్చీలు వేయించుకుని, కాఫీలు తెప్పించుకుని కూర్చున్నారు. మొదటి గేమ్ నుంచే వాళ్ళ నోళ్ళు మూతపడ్డాయి. పాత గోడ లేచి నిలబడింది. కుర్రాడు బాదినవన్నీ తిరిగొచ్చాయి, అవీ ఎడమ భుజం మీదికి, ఎత్తుగా. కుర్రాడు రొప్పాడు, విసుక్కున్నాడు, రాకెట్ నేలకేసి కొట్టాడు. ఐదు రెండు. ఇంకొక్క గేమ్ గెలిస్తే ఉద్యోగం దక్కుతుంది. కంచె పట్టుకుని నిలబడ్డ కూతురి ముఖం వెలిగిపోతోంది.

అప్పుడు కోర్టు మధ్యలో ఒక బంతి మెత్తగా లేచింది. కుర్రాడు ఒక మూలన ఉన్నాడు, అవతల సగమంతా ఖాళీ. పసిపిల్లాడైనా ఆ ఖాళీలోకే కొడతాడు. మాస్టారు కూడా ఆ ఖాళీనే చూశాడు. చెయ్యి మాత్రం బంతిని తీసుకెళ్ళి కుర్రాడి నడుం ఎత్తున, వాటంగా పెట్టింది. కుర్రాడు నివ్వెరపోయాడు, నివ్వెరపోతూనే బాదాడు. మాస్టారు పరిగెత్తి, అందీ అందనట్టు రాకెట్ చాపాడు. నోట్లోంచి దానంతటదే ఊడిపడింది: "అబ్బ, ఏం కొట్టారు సార్!"

కుర్చీల్లో నవ్వులు పేలాయి. ఒకాయన కాఫీ ఒలకబోసుకున్నాడు.

ఆ తర్వాత ఇక ఆగలేదు. ఆయన పళ్ళు బిగించి ఒకచోటికి గురి చూస్తే చెయ్యి మరోచోట పెట్టింది. గెలుపు దగ్గరకొస్తే వదిలెయ్యాలని ఏళ్ళ తరబడి ఒంటికి నేర్పింది ఆయనే. ఒళ్ళు పాఠం మరచిపోలేదు. ఐదు ఐదు అయింది. ఏడు ఐదుతో కుర్రాడు గెలిచాడు. "ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే అంటారు. ఇది ఏనుగో కాదో ముందు కనుక్కోండయ్యా!" అని సెక్రటరీ కేకేశాడు. మళ్ళీ నవ్వులు.

గదిలో భార్య అప్పుడే బట్టలు మడతపెట్టడం మొదలెట్టింది. కూతురు లోపలికొచ్చి తలుపు వేసింది.

"ఎవరు చెప్పారు ఓడిపొమ్మని?"

"ఎవరూ చెప్పలేదమ్మా."

"అబద్ధం. బంతి తీసుకెళ్ళి అతని చేతిలో పెట్టావు. రోజూ చూస్తున్నాను, నువ్వెలా ఓడిపోతావో నాకు తెలీదా?"

ఔను, సెక్రటరీ బెదిరించాడు అని ఒక్క అబద్ధం ఆడి ఉంటే పోయేది. పిల్ల సెక్రటరీని తిట్టుకుని ఊరుకునేది. కానీ ఆ రోజుకి ఆయనకు అబద్ధం కూడా చేతకాలేదు. "గెలవాలనే ఆడాను తల్లీ. చెయ్యి రాలేదు."

పిల్ల ముఖంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. అది కోపం కన్నా ఘోరంగా ఉంది.

"అయితే ఇన్నాళ్ళూ నాటకం కాదన్నమాట. వాళ్ళ దగ్గర కూడా నిజంగానే ఓడిపోయేవాడివి."

కాదనడానికి ఆయన దగ్గర రుజువేముంది? రుజువు చూపించాల్సిన పొద్దున అయిపోయింది. భార్య మడతపెట్టిన చొక్కానే మళ్ళీ విప్పి మడతపెట్టింది.

గది ఖాళీ చెయ్యక్కర్లేకపోయింది. మర్నాడే సెక్రటరీ కబురు పంపాడు. కుర్ర కోచ్‌కి పెద్దమనుషులతో ఓడిపోవడం రాదట, నేర్చుకోనన్నాడట. సాయంత్రాల పనికి మాస్టారే కావాలి. పిల్లకు కోర్టు ఎప్పటిలాగే ఉంటుంది, కాకపోతే శిక్షణ కుర్ర కోచ్ ఇస్తాడు. తెల్లారగట్ల మాస్టారు పక్కన నిలబడి పిల్లకు బంతులు అందించాలి. "ఒప్పుకోండి, దాని కోసం" అంది భార్య. ఈసారి నవ్వలేదు.

మొదటి పొద్దున ఆయన బుట్టలోంచి ఒక్కో బంతీ తీసి కొట్టాడు. ఒక్కోటీ వెళ్ళి కూతురి నడుం ఎత్తున పడింది. పిల్ల కాసేపు ఆడి ఆగిపోయింది. తండ్రి వైపు చూడకుండా కుర్ర కోచ్‌తో అంది: "ఆయన్ని వద్దనండి సార్. ఆయనతో ఆడితే నాకూ అదే అంటుకుంటుంది."

కుర్ర కోచ్ ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "మాస్టారూ, మీరు సాయంత్రం దాకా రెస్ట్ తీసుకోండి."

ఆయన బుట్ట కింద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం సెక్రటరీతో ఆటకు దిగేముందు ఒట్టు పెట్టుకున్నాడు. ఉద్యోగం పోతే పోయింది, ఇవాళ వీణ్ణి చిత్తుగా ఓడించాలి, పిల్ల వినాలి. ఒంట్లో ఉన్న శక్తంతా పెట్టి, చెమట కళ్ళల్లోకి కారుతుంటే తుడుచుకోకుండా ఆడాడు. ఆరు మూడుతో ఓడిపోయాడు.

సెక్రటరీ నెట్ దగ్గరకొచ్చి ఆప్యాయంగా ఆయన భుజం తట్టాడు. "ఇవాళ భలే సహజంగా ఓడిపోయారు మాస్టారూ. రోజూ ఇలాగే ఆడండి."