అంబాసిడర్‌కి పూసిన జీడినూనె

ఇప్పుడంటే ఏ పని మొదలుపెట్టాలన్నా ముందు నలుగుర్ని అడిగి, ఫోనులో నాలుగు చోట్ల వెతికి, చివరికి ఆ పనే మానేసి పడుకునే వయసొచ్చింది గానీ, కాశీబుగ్గ జీడిపప్పు ఫ్యాక్టరీలో కొత్తగా సూపర్‌వైజరుగా చేరిన కాలంలో నేను ఇలా ఉండేవాణ్ణి కాదు. ఆలోచన పూర్తయ్యేసరికే సగం పని చెడగొట్టేసి ఉండేవాణ్ణి. దానికి తోడు నాకు జాకీ బావ ఉండేవాడు. మా మేనమావ కొడుకు, నాకంటే కాస్త పెద్ద. ఎవరి బండి ఎక్కడ ఆగినా జాకీ పట్టుకుని తయారైపోతాడు కాబట్టి ఆ పేరొచ్చింది. (జాకీ ఎత్తడం వరకే అతనికి వచ్చు. దించాక ఆ బండి కదిలిందా లేదా అన్నది దాని యజమాని అదృష్టం.) మా ఇద్దరికీ పాత కార్లంటే పిచ్చి. ఫోనులో పాత కార్లవాళ్ళ గ్రూపు ఒకటుండేది. విశాఖపట్నం పెద్దమనుషులు తమ తాతల నాటి కార్ల ఫొటోలు పెట్టి, ఏ మోడలుకి ముందు జాలీ ఎప్పుడు మారింది, ఏ హెడ్‌లైటు ఎవరి హయాంలో వచ్చింది అని పొద్దస్తమానం వాదించుకునేవారు. మేం ప్రతి ఫొటో కిందా ఒక దండం బొమ్మ పెట్టేవాళ్ళం. కార్ల చరిత్రలో మా పాండిత్యం అంతవరకే.

మాకంటూ ఉన్నది మావ అంబాసిడర్ ఒక్కటే. మావ పూండి స్టేషన్ దగ్గర చాలా ఏళ్ళు టాక్సీ తోలాడు. ఉద్దానం పల్లెల్లో పెళ్ళికొడుకు ఊరేగాలన్నా, పురిటి నొప్పులొచ్చినా, ఆ మీగడ రంగు కారే వచ్చేది. ఆటోలొచ్చాక దాన్ని పిలిచేవాళ్ళు లేకుండా పోయారు. కారు పాకలోకి చేరింది, ఉప్పు గాలికి తలుపుల అంచులు తుప్పు పట్టి రాలడం మొదలైంది. ఇంజను మాత్రం నిక్షేపంగా ఉండేది. మావ వారానికోసారి దాన్ని తిట్టుకుంటూ స్టార్టు చేసేవాడు కాబట్టి.

అలాంటి రోజుల్లో టెక్కలిలో ఒక కాలేజీ మైదానంలో మర్నాడే పాత కార్ల ప్రదర్శన పెడుతున్నారని గ్రూపులో వచ్చింది. మేం ఎగిరి గంతేసి మావ దగ్గరికి పరిగెత్తాం. మావ అన్నం తింటున్నాడు.

"తోలుకెల్లండి," అన్నాడు తల ఎత్తకుండానే. అంత సులువుగా ఒప్పుకుంటాడనుకోలేదు. తర్వాత ముద్ద మింగి మిగతాది చెప్పాడు. "టెక్కలి ఇనపకొట్టాయనకి మాటిచ్చేసినాను. తుక్కు కింద అట్టుకుపోతాడు. మీరెలాగూ టెక్కలి ఎల్తన్నారు గదా, రేపు సాయంత్రం నాను బస్సుకొచ్చి అక్కడే అప్పగించేత్తాను. లారీ పని తప్పుద్ది."

జాకీ బావ మొహం మాడిపోయింది. "నాన్నా, ఆ కారు మీదే గదా నాకు డ్రైవింగు నేర్పుతానన్నావు!" అన్నాడు.

"నువ్వు నేర్సుకునేసరికి దానికి సక్రాలు కూడా మిగలవురా," అన్నాడు మావ. అత్త వంటింట్లోంచి నవ్వింది. మాకు నవ్వు రాలేదు. ఆ కారు పోతే మా ఇద్దరికీ ఈ జన్మకి స్టీరింగు దక్కదు. మర్నాడు సాయంత్రం లోపల మావ మనసు మారాలి. మారాలంటే ఆ మైదానంలో నలుగురూ కారుని మెచ్చుకోవాలి. మెచ్చుకోవాలంటే ముందు ఆ తుప్పు కనబడకూడదు.

రంగు వేయించే టైము లేదు. అప్పుడు వచ్చింది నాకు ఆలోచన. (జాకీ బావ ఆ ఆలోచన తనదేనని ఇప్పటికీ చెప్పుకుంటాడు. ఫలితం తెలిశాక కూడా చెప్పుకుంటున్నాడంటే ధైర్యం మెచ్చుకోవాలి.) మా తీరంలో పడవలకి జీడినూనె పూస్తారు. జీడిపిక్కల తొక్కలోంచి తీసే నల్లటి, చిక్కటి నూనె. అది పట్టిస్తే ఉప్పునీళ్ళు కర్రని ఏమీ చెయ్యలేవు. సముద్రంలో తిరిగే పడవనే కాపాడే నూనె పాకలో ఉన్న కారుని కాపాడదా? తెలిసినవాళ్ళ నూనె మిల్లులోంచి ఒక డబ్బా తెచ్చాం. ఆ నూనె చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది, అందుకే మా ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు చేతులకి ఆముదం రాసుకుని పిక్కలు కొడతారు. ఆ రాత్రి మావ పడుకున్నాక మేమూ అత్త ఆముదం సీసా తీసుకుని మోచేతుల దాకా పట్టించి, కుంచెలతో కారంతా పూసేశాం. మీగడ రంగు అంబాసిడర్ కాస్తా నల్లగా నిగనిగలాడింది. ఇద్దరం వెనక్కి జరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, మురిసిపోయాం. పడవని రోజుల తరబడి ఎండలో ఆరబెడతారన్న సంగతి తెల్లారి కారు తలుపు మూసినప్పుడు గుర్తొచ్చింది. తలుపు మూసుకుంది గానీ బావ చొక్కా దానికే అతుక్కుపోయింది.

మావ నేర్పిన కొద్దిపాటి విద్యతో నేనే తోలాను. దారిలో రెండు పక్కలా జీడితోటలు, పూత రాలుతున్న కాలం. రాలిన పూత రాలినట్టే వచ్చి కారుకి అంటుకుంది. దాని మీద రోడ్డు దుమ్ము. దాని మీద దోమలు, ఈగలు, ఎక్కడినుంచో ఒక కోడి ఈక. టెక్కలి చేరేసరికి కారు ఏ రంగో మాకే తెలియలేదు. గేటు దగ్గర నిలబడ్డ కుర్రాడు "ఇది ప్రదర్శనకా, మట్టి తోలడానికా?" అని అడిగాడు.

లోపల అద్దాల్లా మెరిసిపోతున్న కార్లు. మా గ్రూపులో దండాలు పెట్టించుకున్న పెద్దమనుషులందరూ అక్కడే ఉన్నారు. తెల్లప్యాంటు వేసుకున్న ఒకాయన మా కారు బానెట్‌కి దర్జాగా ఆనుకుని, తన ఎర్ర కారుని ఫొటో తీసుకున్నాడు. లేచి వెళ్తుంటే వెనకవైపు రెండు పెద్ద నల్లటి ముద్రలు. చెబుదామని నేను నోరు తెరిచాను, బావ నా కాలు తొక్కాడు. ఆయన ఆ రోజంతా ఆ ముద్రలతోనే హుందాగా తిరిగాడు. (మర్నాడు ఎలా కూర్చున్నాడో మాత్రం గ్రూపులో రాయలేదు.) ఇంకెవరైనా చేతులు పెడితే బొబ్బలెక్కి మన పేరు బయటికొస్తుందని భయపడి, డిక్కీలో ఉన్న జీడిపప్పు అట్టపెట్టె చింపి, దాని మీద పెద్దక్షరాలతో "ముట్టుకోరాదు" అని రాసి బానెట్ ముందు పెట్టాం.

అక్కడే మా దశ తిరిగింది. మిగతా కార్ల దగ్గర అందరూ తలుపులు తీసి, హారన్లు కొట్టి ఆడుకుంటుంటే, ముట్టుకోనివ్వని కారు ఇదొక్కటే కావడంతో జనం మూగిపోయారు. వెనకాల చేతులు కట్టుకుని, వంగి వంగి చూడసాగారు. కాసేపటికి న్యాయనిర్ణేత వచ్చాడు. టోపీ పెట్టుకున్న ముసలాయన, గ్రూపులో అందరూ గురువుగారనే మనిషి. భూతద్దం తీసి కారు చుట్టూ తిరిగి, కోడి ఈక దగ్గర చాలాసేపు ఆగాడు.

"అందరూ కొత్త రంగులేసి తెచ్చారు. ఉన్నదాన్ని ఉన్నట్టుగా తెచ్చింది మీరొక్కరే," అన్నాడు గొంతు తగ్గించి. "ఈ పూత ఏమిటి? ఎప్పటిది?"

సరిగ్గా అప్పుడే మావ వచ్చాడు. అంతకుముందే రెండుసార్లు మా ముందు నుంచే మీగడ రంగు కారు కోసం వెతుక్కుంటూ పోయాడు. ఈసారి మమ్మల్ని చూసి ఆగాడు, కారుని చూశాడు, ముక్కు ఎగబీల్చాడు. పుట్టినప్పటినుంచీ జీడితోటల్లో తిరిగిన మనిషికి ఆ వాసన చెప్పాలా? నా చెవి దగ్గరికొచ్చి, "జీడినూనె పూసేసినారేట్రా, ఎదవల్లారా," అన్నాడు పళ్ళ మధ్యనుంచి.

"ఓనరు మీరేనా? ఈ పూత గురించి చెప్పండి," అన్నాడు టోపీ గురువుగారు.

మావ మా ఆముదం చేతుల వంక చూశాడు, చుట్టూ ఉన్న జనం వంక చూశాడు, గొంతు సవరించుకున్నాడు. "మా తీరంలో పడవలకి పూసేదే బాబూ. ఉప్పుగాలికి మా తాతలు కనిపెట్టిన మందు. ఈ కారుకి ఎప్పుడు పూసినారో సెప్పాలంటే మాత్రం నాకు నోరు రాట్లేదు," అన్నాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. గురువుగారు కదిలిపోయి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"పరవాలేదు. కారు కథ చెప్పండి."

మావ మొదలుపెట్టాడు. తుఫానుకి చెట్లు పడిపోయి దారి మూసుకుపోతే పొలాల గట్ల మీదుగా కాశీబుగ్గ ఆసుపత్రికి ఎలా తోలాడో, ఊడిన తలుపుని కొబ్బరి తాడుతో కట్టి పెళ్ళివారిని ఎలా దింపాడో, వెనక సీట్లో పుట్టిన పిల్ల పెద్దదై అదే కారులో అత్తారింటికి ఎలా వెళ్ళిందో. మధ్యలో ఒకసారి ఆగి కళ్ళు తుడుచుకున్నాడు. ఇవేవీ మాకెప్పుడూ చెప్పలేదు. మేమూ ఎప్పుడూ అడగలేదు. ఎవరెవరి కార్లకో దండాలు పెట్టిన నాకు ఆ క్షణాన చాలా సిగ్గేసింది, అంతకంటే ఎక్కువగా మావని చూసి గర్వమేసింది.

జనం చప్పట్లు ఆగకముందే ఇనపకొట్టాయన తాడు పట్టుకుని దిగాడు. తిన్నగా వచ్చి మడ్‌గార్డు మీద చేత్తో చరిచి, ఇనుము మందం చూడబోయాడు.

"సదువు రాదేటి? ఎదర ఏటి రాసుందో సూడు!" అని మావ ఉరిమాడు.

"అదేటి మావా, మాటిచ్చినావు గదా!"

"ఇచ్చినాను. ఇప్పుడు ఎనక్కి తీసేసుకుంటన్నాను. ముందు బేగి సేతికి ఈ ఆముదం రాసుకో, నేకపోతే రేపు ముద్ద ఎత్తలేవు," అని మేం వెంట తెచ్చుకున్న సీసా అతని చేతిలో పెట్టి, తాడుతో సహా పంపించేశాడు.

ఉన్నదున్నట్టుగా కాపాడిన కారుకి ఇచ్చే కప్పు మాకే వచ్చింది. జాకీ బావా నేనూ ఒకరినొకరు కావలించుకుని గెంతాం. కారు మిగిలింది, స్టీరింగు మనదే! తాళం కోసం చెయ్యి చాపాను. మావ నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఆ నూని బట్టలతో నా సీటు మీద కూసుంటావేటి అల్లుడా? ఇద్దరూ బస్సుకొచ్చీండి," అని, కప్పుని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఆయన ఆ స్టీరింగు మమ్మల్ని ముట్టనిస్తే ఒట్టు. జీడినూనె ఆరి గట్టిపడి, నిజంగానే తుప్పు ఆగింది. ఇప్పుడు నాకు సొంత కారుంది, రివర్సు చేస్తే కూతలు పెడుతుంది. పూండి వెళ్ళినప్పుడల్లా దాన్ని రోడ్డు మీదే వదిలేసి పాకలోకి వెళ్తాను. మావకి చూపు తగ్గింది, రోడ్డెక్కడం మానేశాడు, అయినా సాయంత్రం కాసేపు ఆ డ్రైవరు సీట్లోనే కూర్చుంటాడు. నన్ను వెనక ఎక్కించుకుని, "ఎక్కడికెల్లాల బాబూ?" అని అద్దంలోంచి అడుగుతాడు. స్టీరింగు కోసం అన్ని వేషాలేసిన ఆ కుర్రాడు వెనక సీటు ఇంత బాగుంటుందని కలలో కూడా అనుకుని ఉండడు.

"టెక్కలి," అంటాను.

"టెక్కలి మాత్రం రాను. ఆ ఇనపకొట్టాయన ఇంకా బతికే ఉన్నాడు," అంటాడు మావ.

"అయితే నీకు నచ్చిన కాడికే పోనియ్ మావా," అని వెనక్కి జారబడి కళ్ళు మూసుకుంటాను.